వేలంలో పాత ఇంగ్లిష్ పింగాణీ, చారిత్రక వస్తువులు: ధర దేన్ని చూసి పలుకుతుంది?

క్లుప్తంగా: 18వ శతాబ్దపు ఇంగ్లిష్ పింగాణీ అసలుదో కాదో చాలావరకు ఆ వస్తువే చెబుతుంది. దాని మట్టి, గ్లేజు (పైనుండే గాజు పూత), అడుగుభాగం చూసి పోల్చుకోవచ్చు. ప్రముఖులు వాడిన వస్తువుల సంగతి అలా కాదు. అవి ఎవరివో తేల్చేది వాటి వెంట వచ్చే ఉత్తరాలు, రసీదులు, పాత జాబితాలే. వేలంలో ఈ రెండింటి ధరలు వేర్వేరు దారుల్లో నడవడానికి ముఖ్య కారణం ఇదే. సుత్తి పడ్డాక, అంటే పాట ముగిశాక చేరే కమీషన్లు, పన్నులు, దేశాల ఎగుమతి చట్టాలు ఆపైన వచ్చే లెక్కలు.

## ఒకే వేలంశాల, రెండు మార్కెట్లు

2023 మే 23న లండన్‌లో బోన్‌హామ్స్ సంస్థ టిప్పు సుల్తాన్ పడకగది ఖడ్గాన్ని వేలం వేసింది. ముందుగా ప్రకటించిన అంచనా 15 నుంచి 20 లక్షల పౌండ్లు. అది పలికిన ధర కమీషన్‌తో కలిపి 1.4 కోట్ల పౌండ్లు దాటింది. అంతకు మూడేళ్ల ముందు, 2020 ఆగస్టులో, బ్రిస్టల్‌లోని ఒక చిన్న వేలం సంస్థ మహాత్మా గాంధీ కళ్లజోడును 2.6 లక్షల పౌండ్లకు అమ్మింది. దాని అంచనా 10 నుంచి 15 వేల పౌండ్లే. ఆ కళ్లజోడును ఎవరో మామూలు కవరులో పెట్టి సంస్థ పోస్టు డబ్బాలో వేసి వెళ్లారు.

అదే బ్రిటన్‌లో, అవే సంవత్సరాల్లో, వూస్టర్ అనే ఇంగ్లిష్ ఫ్యాక్టరీలో చేసిన 250 ఏళ్ల నాటి టీ గిన్నె, సాసరు జత తరచూ వంద పౌండ్ల చుట్టుపక్కల ధరకే దొరుకుతోంది. చేత్తో చేసి, చేత్తో రంగులు వేసి, రెండున్నర శతాబ్దాల పాటు పగలకుండా నిలిచిన వస్తువు అది. చాలామంది పాఠకులు తికమకపడేది ఇక్కడే. వయసే విలువైతే టీ గిన్నె ఎందుకింత చవక? పనితనమే విలువైతే ఒక మామూలు లోహపు కళ్లజోడుకు అంత ధర ఎందుకు?

వయసు, పనితనం వేలంలో లెక్కలోకి రావని కాదు. అయితే వాటికంటే ముందు వచ్చే ప్రశ్నలు రెండున్నాయి. ఈ వస్తువుకు బదులు ఇంకొకటి దొరుకుతుందా? ఇది ఫలానాదేనని రుజువు చేయడం ఎలా? వూస్టర్ టీ గిన్నె చేజారితే వచ్చే నెల మరో ఊళ్లో అలాంటిదే పాటకు వస్తుంది. టిప్పు ఖడ్గం విషయంలో ఆ అవకాశం లేదు. వెనక్కి తగ్గని పాటదారులు ఇద్దరుంటే చాలు, ధర ఎక్కడ ఆగుతుందో అంచనా వేసినవాళ్లు కూడా చెప్పలేరు.

## ఒక్కో ఫ్యాక్టరీది ఒక్కో మట్టి

చైనా పింగాణీ రహస్యం ఐరోపాకు చాలాకాలం అంతుపట్టలేదు. జర్మనీలోని మైసెన్‌లో 1710 ప్రాంతంలో చైనా మట్టితో (కేయోలిన్ అనే తెల్ల మట్టితో) గట్టి పింగాణీ తయారీ మొదలైంది. మైసెన్ వెనక రాజుగారి ఖజానా ఉంది. ఇంగ్లండ్‌లో అలాంటి రాజపోషణ లేదు. సరైన మట్టి కూడా మొదట చేతికి అందలేదు. 1740లలో పుట్టిన ఇంగ్లిష్ ఫ్యాక్టరీలు సొంత డబ్బుతో, సొంత ప్రయోగాలతో నడిచాయి. అందుకే ఒక్కోదాని మిశ్రమం ఒక్కో రకం. సేకర్తలకు ఈ తేడాలే ఇప్పుడు పెద్ద ఆధారం.

వెండిపనివాడైన నికొలస్ స్ప్రిమాంట్ 1745 ప్రాంతంలో లండన్‌లోని చెల్సీలో మొదలుపెట్టిన ఫ్యాక్టరీ తొలి రోజుల్లో గాజు ఎక్కువ కలిపిన మెత్తని మట్టి వాడింది. లండన్ తూర్పు శివారులోని బో ఫ్యాక్టరీ కాల్చిన ఎముకల బూడిదను కలిపింది. 1751లో డాక్టర్ జాన్ వాల్, ఆయన భాగస్వాములు మొదలుపెట్టిన వూస్టర్ ఫ్యాక్టరీ బ్రిస్టల్‌లోని ఒక చిన్న ఫ్యాక్టరీని కలుపుకొని, దాని నుంచి బలపపు రాయి వాడే విద్యను తెచ్చుకుంది. బలపపు రాయి కలిసిన పాత్ర మరిగే నీళ్లకు పగలదు. టీ తాగడం ఇంగ్లండ్‌లో ఇంటింటి అలవాటుగా మారుతున్న రోజుల్లో వూస్టర్ టీపాట్లకు పేరు రావడానికి, పోటీ ఫ్యాక్టరీలు మూతపడినా అది నిలవడానికి ఈ ఒక్క గుణం ఎంతో తోడ్పడింది. విలియం కుక్‌వర్తీ ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో దొరికిన చైనా మట్టితో గట్టి పింగాణీకి 1768లో పేటెంట్ తీసుకున్నాడు. కానీ ఆ దారి ఇంగ్లండ్‌లో ఎక్కువ కాలం నడవలేదు. 18వ శతాబ్దం చివర్లో స్పోడ్ సంస్థ దాదాపు సగం ఎముకల బూడిద కలిపి స్థిరపరచిన బోన్ చైనాయే చివరికి అందరికీ ప్రమాణమైంది. నేటి దుకాణాల్లో బోన్ చైనా పేరుతో అమ్మే కప్పులది ఆ వంశమే.

మిశ్రమాల తేడా వస్తువు మీద కనిపిస్తుంది. దీపానికి అడ్డంగా పట్టి చూస్తే వూస్టర్ పింగాణీ లేత ఆకుపచ్చ ఛాయలో మెరుస్తుంది. 1750ల నాటి చెల్సీ పాత్రలో అక్కడక్కడా చిన్న చందమామల్లాంటి వెలుగు చుక్కలు కనిపిస్తాయి. బట్టీలో పాత్రను నిలబెట్టిన మూడు ముళ్ల గుర్తులు చెల్సీ అడుగున మిగిలి ఉంటాయి. డెర్బీ ఫ్యాక్టరీ బొమ్మల అడుగున నల్లటి మచ్చలు ఉంటాయి. మెత్తని పింగాణీలో రంగులు గ్లేజులోకి కొద్దిగా ఇంకినట్టుంటాయి, గట్టి పింగాణీలో పైపైన నిలుస్తాయి. ఇప్పుడు ఎక్స్‌రే పరికరంతో వస్తువును గీయకుండానే అందులోని మూలకాలు కూడా చూడవచ్చు. మెగ్నీషియం ఎక్కువ ఉంటే బలపపు రాయి, ఫాస్ఫరస్ ఉంటే ఎముకల బూడిద.

భూమిలో దొరికిన ముక్కలు కూడా సాక్ష్యమే. లండన్‌లోని లైమ్‌హౌస్ ఫ్యాక్టరీ 1740లలో కొద్ది సంవత్సరాలే నడిచింది. 1990లో ఆ స్థలంలో జరిగిన తవ్వకాల్లో బయటపడ్డ పెంకులతో పోల్చాక, అంతవరకు లివర్‌పూల్‌వని అనుకున్న కొన్ని పాత్రలు లైమ్‌హౌస్‌వని తేలింది. వస్తువులో ఏ మార్పూ రాకుండానే దాని పేరు మారింది, పేరుతో పాటు విలువా మారింది. తవ్వకాల నివేదికలు చదివే సేకర్తకు వేలంలో ఇతరుల కంటే ముందడుగు దొరికేది ఇలాంటి సందర్భాల్లోనే.

## అడుగున ఉన్న గుర్తు ఎందుకు చాలదు

కొత్తగా కొనేవారు మొదట పాత్ర తిరగేసి గుర్తు చూస్తారు. అనుభవం ఉన్నవారు గుర్తును చివర చూస్తారు. ఇంగ్లిష్ పింగాణీ విషయంలో ఈ రెండో పద్ధతే సరైనది. 18వ శతాబ్దంలోనే ఫ్యాక్టరీలు ఒకరి గుర్తు ఒకరు పెట్టుకునేవి. వూస్టర్ కొన్ని పాత్రల మీద మైసెన్ వారి అడ్డకత్తుల గుర్తు వేసింది, మరికొన్నిటి మీద చైనా అక్షరాల్లా కనిపించే గీతలు గీసింది. అసలు గుర్తే పెట్టని పాత్రలూ లెక్కలేనన్ని.

చెల్సీ లంగరు గుర్తు దీనికి మంచి ఉదాహరణ. మొదట ఉబ్బెత్తు లంగరు, 1752 ప్రాంతం నుంచి ఎర్ర లంగరు, 1756 ప్రాంతం నుంచి 1769 దాకా బంగారు లంగరు అని స్థూలంగా కాలాలు విడదీస్తారు. అసలు లంగరు చాలా చిన్నది, అర సెంటీమీటరు చుట్టుపక్కల ఉంటుంది. కనిపించీ కనిపించని చోట ఉంటుంది. కొట్టొచ్చినట్టు కనిపించే పెద్ద బంగారు లంగరు ఉంటే అది 19వ శతాబ్దపు నకలే కావచ్చు. పారిస్‌లో 1845లో మొదలైన సామ్సన్ సంస్థ చెల్సీ, డెర్బీ, మైసెన్ నమూనాలకు పెద్ద ఎత్తున నకళ్లు తీసింది. ఆ నకళ్లు గట్టి పింగాణీతో చేసినవి. అసలు చెల్సీ మెత్తని పింగాణీ. గుర్తు మోసం చేసినా మట్టి మోసం చేయదు. సామ్సన్ నకళ్లలో చాలావి కూడా ఇప్పుడు వందేళ్లు దాటాయి, వాటికి సొంత సేకర్తలు ఉన్నారు. సామ్సన్ పేరుతోనే అమ్మితే అందులో తప్పేమీ లేదు.

తర్వాతి కాలం వస్తువులకు గుర్తులు మెరుగైన సాయం చేస్తాయి. 1842 నుంచి 1883 దాకా బ్రిటన్‌లో నమోదైన డిజైన్ల మీద వజ్రం ఆకారపు ముద్ర ఉంటుంది. దిగుమతి వస్తువుల మీద తయారైన దేశం పేరు ఉండాలన్న అమెరికా సుంకాల చట్టం 1891లో అమల్లోకి వచ్చింది. కాబట్టి అడుగున ‘ఇంగ్లండ్’ అని ముద్ర ఉన్న పాత్రను సాధారణంగా ఆ తర్వాతదిగా భావిస్తారు. అలాంటి పాత్రను 18వ శతాబ్దపుదని ఎవరైనా చెబితే అక్కడే ఆగిపోవడం మంచిది.

## కాగితమే ప్రాణంగా ఉన్న వస్తువులు

చారిత్రక వస్తువులకు వస్తే లెక్క తలకిందులవుతుంది. కళ్లజోడును ఎంత పరీక్షించినా అది ఏ కాలానిదో తెలుస్తుంది తప్ప, దాన్ని పెట్టుకున్నది ఎవరో తెలియదు. ఆ సంగతి చెప్పాల్సింది వస్తువు బయట ఉన్న సాక్ష్యం. ఎవరు ఎవరికి ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, ఆ తర్వాత ఎవరెవరి చేతులు మారింది. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా విలువ చాలావరకు పోతుంది. టిప్పు ఖడ్గానికి ఆ గొలుసు బలంగా ఉంది. 1799లో శ్రీరంగపట్నం పతనమయ్యాక దాన్ని సైన్యం తరఫున మేజర్ జనరల్ డేవిడ్ బెయిర్డ్‌కు బహూకరించారు.

కాగితాలు లేని చోట కథలు పుడతాయి. కొన్నిసార్లు ఆ కథలకు కొంత నిజం కూడా ఉంటుంది. బ్రిటిష్ నౌకాదళ అడ్మిరల్ నెల్సన్ ఒకప్పుడు నడిపించిన ఫూద్రొయాంట్ ఓడ 1897లో బ్లాక్‌పూల్ తీరంలో ధ్వంసమైంది. దాని రాగితో పతకాలు, ఓక్ చెక్కతో కుర్చీలు, పెట్టెలు చేసి పెద్ద సంఖ్యలో అమ్మారు. అవి నిజంగా నెల్సన్ ఓడలోని రాగీ చెక్కే. అయినా నెల్సన్ మరణించి అప్పటికి 90 ఏళ్లు దాటింది, ఆయన చెయ్యి తగిలిన వస్తువులు అవి కావు. ఈ తేడా కేటలాగ్‌లో ఒక్క మాటలో తేలిపోతుంది. ‘నెల్సన్‌ది’ అనడం ఒకటి, ‘నెల్సన్‌కు సంబంధించినది’ అనడం మరొకటి. కొనేవారు ఆ మాటను రెండుసార్లు చదవాలి. పింగాణీకీ ఇదే వర్తిస్తుంది. ‘వూస్టర్’ అని రాస్తే సంస్థ బాధ్యత తీసుకున్నట్టు. ‘వూస్టర్ శైలి’, ‘వూస్టర్‌గా భావిస్తున్నది’ అని రాస్తే ఆ బాధ్యత బాగా పలచబడినట్టు.

## రెండూ కలిసిన చోటు

1802 ఆగస్టులో నెల్సన్ తన స్నేహితులైన హామిల్టన్ దంపతులతో కలిసి వూస్టర్ పట్నానికి వెళ్లి చాంబర్లేన్ పింగాణీ ఫ్యాక్టరీ చూశాడు. తన చిహ్నాలతో అల్పాహారం, భోజనం, టీ సెట్లకు ఆర్డరిచ్చాడు. అప్పట్లో అందరూ మెచ్చిన జపాన్ తరహా డిజైన్ మీద ఆయన బిరుదుల చిహ్నాలు వేయాలి. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో ఆయన చనిపోయే నాటికి అల్పాహారం సెట్టు మాత్రమే పూర్తయింది.

ఈ సెట్టులోని కప్పు వేలానికి వచ్చినప్పుడు రెండు రకాల సాక్ష్యాలూ ఒక్కచోట చేరతాయి. మట్టి, గ్లేజు, రంగులు అది చాంబర్లేన్ వస్తువని చెబుతాయి. ఫ్యాక్టరీ లెక్కల పుస్తకాల్లో ఆర్డరు ఉంది, చిహ్నాలు దానితో సరిపోతాయి. అదే డిజైన్‌తో, అదే ఫ్యాక్టరీలో, అవే చేతులతో చేసి, చిహ్నం మాత్రం లేని కప్పు దీని పక్కన పెడితే ధరలో పోలికే ఉండదు. అరచేతిలో పట్టేంత చిహ్నానికి కొనుగోలుదారులు ఎంత అదనంగా ఇస్తున్నారో ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ అరుదు. మోసగాళ్ల కన్ను పడేది కూడా ఇక్కడే. పాత ఖాళీ పాత్ర మీద కొత్తగా చిహ్నం వేయించి మళ్లీ కాల్చడం పాత విద్యే. అలా చేసినప్పుడు గ్లేజు మీద నల్లటి చుక్కలు తేలవచ్చు, కొత్త రంగు పాతదానితో కలవకపోవచ్చు.

చాంబర్లేన్ ఫ్యాక్టరీ 1820 ప్రాంతంలో కర్ణాటక (ఆర్కాటు) నవాబు కోసం కూడా ఒక భారీ సెట్టు చేసింది. నెల్లూరు, చిత్తూరు సీమలు ఒకప్పుడు ఆ నవాబుల ఏలుబడిలోవే. దక్షిణ భారత సంస్థానాలకు, ఇంగ్లిష్ పింగాణీకి మధ్య సంబంధం ఇలా పాతది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని యూరోపియన్ పింగాణీ కూడా ఆ ధోరణిలో చేరినదే. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీ ఖాన్ దశాబ్దాల పాటు కొని చేర్చిన సంపద అది. ఏ పుస్తకం చదివే ముందైనా అక్కడ జర్మన్, ఫ్రెంచ్, ఇంగ్లిష్ పింగాణీ గదుల్లో నెమ్మదిగా ఒక పూట గడిపితే రంగులు గ్లేజులోకి ఇంకడానికీ పైన నిలవడానికీ తేడా కంటికి అలవాటవుతుంది.

## సుత్తి పడ్డాక మొదలయ్యే లెక్క

పింగాణీని వేలంలో అమ్మడం ఇంగ్లండ్‌లో మొదటి నుంచీ ఉంది. చెల్సీ ఫ్యాక్టరీ 1755, 1756 సంవత్సరాల్లో తన సరుకునే వేలం వేసింది, ఆ కేటలాగ్‌లు నేటికీ ఉన్నాయి. అయితే కొనేవారి నుంచి కూడా కమీషన్ తీసుకోవడం 1975లో క్రిస్టీస్, సోథ్‌బీస్ లండన్‌లో మొదలుపెట్టిన పద్ధతి. తర్వాత అమ్మేవారి కమీషన్ విషయంలో ఈ రెండు సంస్థలూ లోపాయికారీగా కూడబలుక్కున్నాయని బయటపడి, ఖాతాదారులకు 51.2 కోట్ల డాలర్ల పరిహారం కట్టాల్సి వచ్చింది. సోథ్‌బీస్ మాజీ చైర్మన్ ఆల్ఫ్రెడ్ టాబ్‌మన్ 2001లో దోషిగా తేలాడు.

ఇప్పటి లెక్క ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. వెయ్యి పౌండ్ల దగ్గర సుత్తి పడిందనుకుంటే, కొనుగోలు కమీషన్ 25 శాతం చొప్పున 250 పౌండ్లు. దాని మీద 20 శాతం వ్యాట్ 50 పౌండ్లు. మొత్తం 1,300. ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా పాడితే చాలాచోట్ల ఇంకొంత రుసుము ఉంటుంది. అమ్మినవారి నుంచి 15 శాతం కమీషన్ తీసుకుంటే వారి చేతికి వచ్చేది 850. అంటే కొన్న మర్నాడే అదే ధరకు తిరిగి అమ్మినా 450 పౌండ్లు పోయినట్టే. లాభం కోసం పింగాణీ కొనాలనుకునేవారు ముందు చూడాల్సిన అంకె ఇదే. భారత్‌కు తెప్పించుకుంటే ప్యాకింగ్, బీమా, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కూడా చేరతాయి. చాలా బ్రిటిష్ వేలం సంస్థలు తామే ప్యాక్ చేసి పంపవు, దానికి వేరే కొరియర్‌ను మాట్లాడుకోవాలి.

పాట నడిచే తీరు కూడా తెలిసి ఉండాలి. అమ్మేవారు రహస్యంగా ఒక కనీస ధర పెడతారు. ఆ ధర వచ్చేదాకా వేలం నడిపేవారు అమ్మకందారు తరఫున తామే పాట పెంచవచ్చు, నిబంధనల్లో ఆ సంగతి రాసి ఉంటుంది. అంచనా ధరను తక్కువ పెట్టడం ఎక్కువమందిని రప్పించడానికే. వ్యాపారులు ముందే మాట్లాడుకుని పోటీ లేకుండా పాడుకోవడాన్ని బ్రిటన్‌లో 1927 నాటి చట్టం నేరం చేసింది.

పింగాణీలో బీట, అతుకు ధరను తొక్కేస్తాయి. నేర్పుగా చేసిన మరమ్మతు మామూలు వెలుతురులో కనబడదు, అతినీలలోహిత దీపం కింద వేరే రంగులో బయటపడుతుంది. వస్తువును చేతిలోకి తీసుకోలేని దూరపు కొనుగోలుదారు కనీసం రాతపూర్వక స్థితి నివేదిక అడగాలి. అంచుల, అడుగుభాగపు ఫొటోలు, దీపం వెనక పెట్టి తీసిన ఫొటో విడిగా కోరాలి. అడిగితే చాలా సంస్థలు ఇస్తాయి.

## మామూలు పింగాణీ ఎందుకు చవకైంది

20వ శతాబ్దంలో ఇంగ్లిష్ పింగాణీకి గట్టి సేకర్తల తరం ఉండేది. 1927లో వారంతా ఒక అధ్యయన సంఘంగా ఏర్పడ్డారు. పరిశోధన, కొనుగోలు కలిసి నడిచాయి. ఆ తరం వెళ్లిపోతుండగా వారి సేకరణలన్నీ దాదాపు ఒకేసారి మార్కెట్‌కు వస్తున్నాయి. కొత్త తరం ఇళ్లు చిన్నవి, అద్దాల బీరువాలు తగ్గాయి, డిష్‌వాషర్‌లో పెట్టలేని పాత్ర నిత్యవాడుకకు పనికిరాదు. ఇంటర్నెట్ మరో మార్పు తెచ్చింది. ఒకప్పుడు అరుదనుకున్న డిజైన్ ఏ వారమైనా నాలుగైదు చోట్ల పాటలో ఉందని ఇప్పుడు అందరికీ కనిపిస్తోంది. అందుకే మధ్యరకం వస్తువుల ధర పడింది. తొలి చెల్సీ, లైమ్‌హౌస్ లాంటి అరుదైనవాటికి మాత్రం గిరాకీ నిలిచింది. నేర్చుకోవాలనే ఆసక్తి ఉన్నవారికి ఇది నిజంగా మంచి కాలం. మ్యూజియం స్థాయికి ఒక మెట్టు కింద ఉన్న వస్తువు మధ్యతరగతి జీతానికి అందుతోంది.

## చట్టం ఎటు నడుస్తోంది

భారత్‌లో 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాకృతి, పనితనం గల వస్తువు పురావస్తువే. రాతప్రతులకు 75 ఏళ్లు చాలు. నిర్వచనం వయసును చూస్తుంది, పుట్టిన దేశాన్ని కాదు. కాబట్టి లండన్‌లో కొని హైదరాబాద్ తెచ్చుకున్న 18వ శతాబ్దపు పింగాణీని మళ్లీ విదేశీ వేలానికి పంపడం తేలిక కాదు. బ్రిటన్ కూడా తన ఎగుమతులను ఆపుతుంది. టిప్పు సింహాసనం నుంచి వచ్చిన పులి తల అలంకారం దేశం దాటకుండా 2021లో తాత్కాలికంగా నిలిపి, స్థానికంగా కొనేవారి కోసం చూసింది.

ఇంతకంటే లోతైన ప్రశ్న కొన్ని వస్తువులను అసలు వేలం వేయవచ్చా అన్నది. ఆంధ్రప్రదేశ్‌లోని చందవరం బౌద్ధ క్షేత్రం నుంచి అక్రమంగా తరలిన శిల్పాన్ని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2005లో న్యూయార్క్ డీలర్ వద్ద కొని, చేతులు మారిన చరిత్ర నిలబడకపోవడంతో 2016లో భారత్‌కు అప్పగించింది. 1898లో విలియం పెప్పే అనే ఆంగ్లేయుడు ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని పిప్రాహ్వా బౌద్ధ స్తూపంలో తవ్వి తీసిన రత్నాల్లో ఆయన వారసుల దగ్గర ఉన్న వాటాను సోథ్‌బీస్ 2025 మేలో హాంకాంగ్‌లో వేలానికి పెట్టింది. వాటి చరిత్ర కాగితాల మీద పక్కాగా ఉంది. అయినా బుద్ధుని ధాతువులతో కలిపి పూజార్థం ఉంచినవి అమ్మకపు సరుకు కావని భారత ప్రభుత్వం నోటీసు ఇచ్చింది. వేలం ఆగింది. గోద్రెజ్ సంస్థ వాటిని కొనడంతో జూలై నెలాఖరుకు అవి భారత్ చేరాయి.

చందవరం శిల్పానికి కాగితాలు నిలబడలేదు. పిప్రాహ్వా రత్నాలకు కాగితాలున్నా చాలలేదు. ఇకపై పవిత్ర వస్తువులను బహిరంగ వేలానికి పెట్టడానికి సంస్థలు వెనకాడే అవకాశం ఎక్కువ. దాంతో అలాంటివి చడీచప్పుడు లేని ప్రైవేటు అమ్మకాల వైపు మళ్లవచ్చు. బహిరంగ వేలంలో కనీసం కేటలాగ్, ఫొటో, తేదీ ఉంటాయి, అభ్యంతరం చెప్పడానికి కొన్ని వారాల గడువుంటుంది. పిప్రాహ్వా విషయంలో భారత్ జోక్యం చేసుకోగలిగింది ఆ గడువు ఉండబట్టే. ప్రైవేటు అమ్మకంలో అది ఉండదు.